నోటికి సీలు

పానీయ నాణ్యతా మండలి సంచాలకులు కోదండపాణి గారు పదకొండు రోజులు విదేశాల్లో అధ్యయన యాత్ర చేసి వచ్చారు. వెళ్లింది మంచినీటి శుద్ధి చూడ్డానికి. చూసి వచ్చింది మాత్రం నల్లబీరు. అక్కడ ఏదో ఊళ్లో ఎనిమిది మంది పెద్దమనుషులు ఒక బల్ల చుట్టూ కూర్చుని, కషాయంలా నల్లగా ఉన్న బీరును గ్లాసుల్లో పోసుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని, గుక్కెడు నోట్లో పోసుకుని, దాని గురించి అరగంట మాట్లాడారట. ఒక్కడూ తూలలేదట. ఒక్కడూ పక్కవాణ్ని తిట్టలేదట. చూస్తూంటే ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయట. మన దగ్గర తాగేవాళ్లకు కొదవ లేదు గానీ ఆస్వాదించేవాళ్లే కరువయ్యారని విమానంలోనే బెంగపెట్టుకుని, దిగీ దిగగానే విశాఖపట్నం కార్యాలయంలో ఉత్తర్వు వేశారు.

సొంతంగా బీరు కాచి అమ్ముకునే చిన్న బ్రూవరీలు ఏ కొత్త రకం తీసినా, మండలి నియమించిన ‘అధికారిక ఆస్వాదకుడు’ రుచి చూసి, నివేదిక రాసి, ధ్రువపత్రం ఇచ్చాకే అమ్మాలని ఆ ఉత్తర్వు సారాంశం. ఇంతవరకు బాగానే ఉంది. ఇంతటితో ఊరుకుంటే అది మండలి ఎందుకవుతుంది? తొమ్మిదో నిబంధన ప్రకారం ఉద్యోగి విధి నిర్వహణలో మద్యం సేవించరాదు. పదో నిబంధన ప్రకారం, తాగే అలవాటున్నవాడు మద్యం పట్ల పక్షపాతి కనుక, ఆస్వాదకుడు జన్మలో మద్యం ముట్టనివాడై ఉండాలి. అంటే, బీరంటే ఏమిటో తెలియనివాడు, బీరు తాగకుండా, బీరు ఎలా ఉందో చెప్పాలి. దీన్నే నిష్పాక్షికత అంటారు.

అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే ప్రమాణపత్రం ఇమ్మని కార్యాలయంలో సర్క్యులర్ తిప్పారు. మొత్తం ఉద్యోగులు రెండు వందల పద్నాలుగు మంది. రెండు వందల పద్నాలుగు ప్రమాణపత్రాలు వచ్చాయి. సంచాలకులు ఇంత పవిత్రమైన సిబ్బంది తన కింద ఉన్నందుకు ఉప్పొంగిపోయారు. ఎవరో గిట్టనివాళ్లు సలహా ఇచ్చారు కాబోలు, ప్రమాణపత్రం కింద భార్య సంతకం కూడా ఉండాలని మర్నాడు ఇంకో సర్క్యులర్ తిరిగింది. సాయంత్రానికి ముగ్గురు మిగిలారు. అందులో ఒకడికి పెళ్లి కాలేదు. ఇంకొకడు మూడేళ్లుగా సెలవు పెట్టి దుబాయ్‌లో ఉంటున్నాడు, సంతకం ఎవరు పెట్టారో తెలియదు. మూడోవాడు రికార్డు సెక్షన్ సీనియర్ అసిస్టెంట్ బొడ్డేడ అప్పలనరసయ్య.

అప్పలనరసయ్యది అనకాపల్లి. తండ్రి బెల్లం మార్కెట్లో రుచి చూసే మనిషి. దిమ్మ అంచున చిటికెడు గిల్లి నాలుక మీద వేసుకుంటే, అది ఏ ఊరి చెరకో, పాకం ఎంతసేపు కాగిందో చెప్పేవాడు. ఆ నాలుక కొడుక్కి వచ్చింది. క్యాంటీన్ టీ ఒక్క గుటక తాగి, పొడి మొన్నటిదనీ, పాలు రెండోసారి కాచినవనీ, వడగట్టిన గుడ్డ సబ్బుతో ఉతికారనీ చెప్పగలడు. క్యాంటీనువాడు ఆయన్ని చూస్తే మొహం తిప్పుకునేవాడు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన నాలుకకు ప్రభుత్వం అప్పగించిన పని ఒక్కటే, కవర్లు తడిచేసి అంటించడం. ఆ జిగురు ఏ కంపెనీదో కూడా ఆయనకు తెలుసు. ఎవరూ అడగలేదు.

అలాంటివాణ్ని పిలిచి, నువ్వు రుచి చూడు, రాయి, నీ మాట మీద లోకం నడుస్తుంది అంటే ఎలా ఉంటుంది? ఆ రోజు ఆయన మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఇంట్లో చెబితే భార్య పైడితల్లి, నోట్లో పోసుకుని ఉమ్మేసేదే కదా అని రెండుసార్లు అడిగి, సరేనంది. ఒక్క చుక్క గొంతు దిగినా ఈ గుమ్మం ఎక్కవద్దని మాత్రం సింహాద్రి అప్పన్న మీద ఒట్టు వేయించుకుంది. ఆయన ఒట్టు వేశాడు.

కొత్త ఆస్వాదకుడికి శిక్షణ సంచాలకులే ఇచ్చారు. ఆస్వాదనకు అయిదు అంగములు కలవని ఆయన ఉపన్యాసం. దర్శనము, ఆఘ్రాణము, స్పర్శనము, ఆస్వాదనము, విసర్జనము. “ఈ అయిదింటిలో విసర్జనమే ప్రధానము. తక్కిన నాలుగూ సంస్కృతికి సంబంధించినవి. ఇది సర్వీసు రూల్సుకు సంబంధించినది,” అన్నారు. నోట్లోకి వెళ్లినదంతా బయటికి వచ్చినట్టు రుజువు ఉండాలి కనుక, గీతలు పెట్టిన రెండు గాజు కప్పులు ఇచ్చారు. ఒకటి పుచ్చుకోవడానికి, ఒకటి ఉమ్మడానికి. పరిమాణం పదిహేను మిల్లీలీటర్లు. తర్వాత నమూనా పత్రం ఇచ్చారు. అందులో తీపి, పులుపు, చేదు, ఇతరములు అని నాలుగు గళ్లు. అడుగున, ‘పై పానీయమును సంపూర్ణముగా పరీక్షించితినని ధ్రువీకరించుచున్నాను’ అన్న అచ్చు వాక్యం. దాని కింద సంతకం.

మొదటి దరఖాస్తు పూడి హేమలతది. భీమిలి రోడ్డులో చిన్న బ్రూవరీ పెట్టింది. ముప్పై ఏళ్ల పిల్ల, ఆహార సాంకేతికం చదివింది, బెంగళూరులో ఎవరి దగ్గరో ఆరేళ్లు బీరు కాచింది. ఇప్పుడు సొంతంగా మొదలుపెట్టింది. బార్లీతో పాటు మన వైపు చోళ్లు, అదే రాగులు, నల్లగా వేయించి వేసి అయిదు వందల లీటర్ల నల్లబీరు తీసింది. ఆమెకిచ్చిన లైసెన్సు తాత్కాలికం. ముప్పై రోజుల్లో మొదటి సరుకుకు ధ్రువపత్రం రాకపోతే లైసెన్సు రద్దు, సరుకు అధికారుల సమక్షంలో తూములో పారబోత. అప్పలనరసయ్య వెళ్లేసరికి అందులో నాలుగు రోజులు గడిచిపోయాయి.

ఆమె గ్లాసు తెచ్చి పెట్టింది. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. పదిహేను మిల్లీలీటర్లు కొలిచి నోట్లో పోసుకున్నాడు. పోసుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఏళ్ల తరబడి కవరు జిగురూ క్యాంటీన్ టీ తప్ప ఎరుగని నాలుక అది. ఒక్కసారిగా ఇన్ని సంగతులు వచ్చి పడితే పాపం ఏం చేస్తుంది? రెండు నిమిషాలు అలాగే కూర్చుని, ఇష్టం లేకుండానే కప్పులో ఉమ్మాడు.

“సార్, ఏమీ అనుకోకండి,” అంది హేమలత. “బీరు ఉమ్మేస్తే సగమే తెలుస్తుందండి. ఆ చేదు గొంతు దగ్గర విచ్చుకుంటుంది. మింగాకే దీని అసలు సంగతి.”

నిబంధనలు ఒప్పుకోవమ్మా అని ఆయన చెప్పాడు. చెప్పాడే గానీ ఆ మాట మనసులో ముల్లులా దిగింది. పత్రం ముందేసుకుని తీపి గడిలో ‘ఉన్నదని అనలేము, లేదని అనలేము’ అని రాశాడు. ఇతరములు గడి అరంగుళం. అందులో పట్టక, తెల్లకాగితాలు అడిగి తీసుకుని రెండున్నర కాగితాలు రాసి జతచేశాడు. రాస్తున్నంతసేపూ ఆయనకు టైము తెలియలేదు. తీరా ‘సంపూర్ణముగా పరీక్షించితిని’ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. తన తండ్రి సగం తెలిసిన దిమ్మకు ఎన్నడూ మాట ఇవ్వలేదు. అయినా ఉద్యోగం ఉద్యోగమే కనుక సంతకం పెట్టాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నివేదిక మండలికి చేరింది. దాన్ని ఎవరూ చదవలేదు. చదవడం మండలి పద్ధతి కాదు. అంకెలు మాత్రం తనిఖీ అధికారి పేర్రాజు గారు చూశారు. పేర్రాజు గారు నిప్పులాంటి మనిషి. తన రిటైర్మెంటు తేదీ ఒక రోజు తప్పుగా పడిందని తనమీద తానే ఆక్షేపణ రాసుకున్నవాడు. ఆయన పట్టుకున్నది ఇదీ: పుచ్చుకున్న నమూనా పదిహేను మిల్లీలీటర్లు, విసర్జించిన నమూనా పంతొమ్మిది మిల్లీలీటర్లు. ఎక్కువ వచ్చిన నాలుగు మిల్లీలీటర్లు ఎక్కడివి?

అది ఉమ్మి అండీ అని అప్పలనరసయ్య వినయంగా సమాధానం పెట్టుకున్నాడు. నాలుగో రోజున మెమో వచ్చింది. “లాలాజలమునకు నమూనా పత్రమునందు గడి లేదు. కావున లాలాజలము సంభవించినట్లు మండలి పరిగణింపజాలదు. బీరు కలిసిన ద్రవము ఎంత ఉన్ననూ అదంతయు బీరుగానే భావింపవలెనని నిర్వచనములయందు స్పష్టముగా ఉన్నది. కావున సదరు ఉద్యోగి తన నోటియందు నాలుగు మిల్లీలీటర్ల బీరును లైసెన్సు లేకుండ ఉత్పత్తి చేసినట్లు తేలుచున్నది. పునఃపరీక్ష జరుపవలెను. అంతవరకు ధ్రువపత్రము నిలిపివేయడమైనది.”

హేమలతకు ఫోనులో ఈ సంగతి చెబితే ఆమె నవ్వింది. ఇంకెన్ని రోజులున్నాయో గుర్తొచ్చాక నవ్వడం మానేసింది. పదమూడు రోజులు పోయాయి.

పునఃపరీక్షకు అప్పలనరసయ్య పకడ్బందీగా వెళ్లాడు. నోరు ఊరకుండా ఉండాలని పొద్దున్నుంచి వేయించిన శనగపిండి బుక్కాడు, తెల్లారిన దగ్గర్నుంచి మంచినీళ్లు ముట్టలేదు. హేమలత గ్లాసు పెట్టింది. ఈసారి ఆయన ఆ పిల్ల మొహం వంక చూశాడు. ఈ పది రోజుల్లోనే సగమైపోయింది. బీరును రోజూ చల్లగా కాపాడుకుంటూ కూర్చుంది, తన బిడ్డకు పరీక్ష పెట్టినవాళ్లు వస్తారని. నువ్వు సంపూర్ణంగా పరీక్షించావా అని తనను తాను అడుక్కున్నాడు. లేదు. పదిహేను మిల్లీలీటర్లు నోట్లో పోసుకుని, పదమూడు ఉమ్మి, రెండు మింగాడు.

అదేదో కాలు జారినట్టు జరిగింది కాదు. ఒట్టు గుర్తుంది, ఉద్యోగం గుర్తుంది, తెలిసే మింగాడు. మింగి, అయిదు నిమిషాలు కళ్లు మూసుకున్నాడు. తర్వాత అర కాగితం అదనంగా రాసి పాత వాటికి కలిపి, అచ్చు వాక్యం కింద ఈసారి కలం ఆగకుండా సంతకం పెట్టాడు. మొత్తం మూడు కాగితాలయ్యాయి.

ఈ మూడో కాగితం కూడా ఎవరూ చదవలేదు. పేర్రాజు గారు అంకెలు చూశారు. పుచ్చుకున్నది పదిహేను, విసర్జించినది పదమూడు. లోటు రెండు మిల్లీలీటర్లు. కావున సదరు ఉద్యోగి విధి నిర్వహణలో మద్యం సేవించినట్లు రెండో అభియోగం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎక్కువ ఉమ్మితే బీరు కాచినట్టు, తక్కువ ఉమ్మితే బీరు తాగినట్టు. నాలుగులోంచి రెండు తీసేస్తే నేరం రెండు మిల్లీలీటర్లకు తగ్గుతుంది కదా అని సెక్షన్లో ఎవరో జాలిపడి ఫైలు మీద రాశారు. రెండు వేర్వేరు నేరాలను ఒకదానితో ఒకటి కొట్టివేయరాదని పేర్రాజు గారు తిప్పికొట్టారు.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. అనుమతి లేని ఉత్పత్తి కేంద్రం కనబడితే దాన్ని తనిఖీ చేసి, పటం గీసి, సీలు వేయాలి. రూలు. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు టార్చిలైటు, కొలతల టేపు పట్టుకుని రికార్డు సెక్షన్‌కు వచ్చారు. పాపం వాళ్లకూ మొహమాటంగానే ఉంది. అప్పలనరసయ్యను కిటికీ దగ్గర కూర్చోబెట్టి నోరు తెరిపించి, పొడవు వెడల్పులు కొలిచి, నాలుగు ప్రతుల్లో పటం గీశారు. ముఖద్వారము ఒకటి. ఎడమవైపు పై పన్ను ఊడినందున గాలి ప్రసారమునకు కిటికీ ఒకటి. వెనుక చీకటిగా నున్న సొరంగ మార్గము, ఎటు పోవుచున్నదో తెలియరాలేదు. పరికరములు: నాలుక ఒకటి, పని చేయు స్థితిలో ఉన్నది.

తర్వాత పెదవుల మీదుగా తెల్లటి నాడా కట్టి, రెండు కొసలూ గడ్డం దగ్గర కలిపి, కాగితం ముక్క అంటించి సంతకాలు చేశారు. లక్క కరిగించి పోద్దామని ఒకాయన ఉత్సాహపడ్డాడు గానీ, మొహం కాలుతుందేమో, రూల్సులో మొహం కాల్చమని లేదు కదా అని రెండో ఆయన వారించాడు. ఉద్యోగి ప్రాణానికి ముప్పు రాకుండా రోజుకు మూడు పూటలు సీలు విప్పి భోజనం పెట్టి మళ్లీ వేయడానికి ఒక సంరక్షకుణ్ని నియమించాలి. ఆ నియామకపు ఉత్తర్వు పైడితల్లి పేర వచ్చింది.

ఎనిమిది రోజులు ఆ ఇంట్లో అదీ తంతు. నాడా విప్పేది, అన్నం పెట్టేది, నాడా కట్టేది. విప్పిన పది నిమిషాల్లో మాట్లాడొచ్చా అని అడిగితే, భోజనం నిమిత్తమే అని ఉత్తర్వులో ఉందట. అందుకని ఆయన మాట్లాడేవాడు కాదు. ఆమె ఆయన కళ్లలోకి చూసి ఏదో పోల్చుకోవాలని చూసేది. ఆయన చూపు దించుకునేవాడు. చుట్టుపక్కలవాళ్లు మాత్రం ఇలాంటి ఉత్తర్వు తమ ఇళ్లకూ వస్తే బాగుండునని ఆమెతో అన్నారు. ఆమె నవ్వలేదు. ఒట్టు తప్పాడని చెబితే ఆమె ఏమంటుందోనన్న భయం ఆయనకు ఉద్యోగం పోతుందన్న భయం కంటే పెద్దదైపోయింది.

ఇరవై తొమ్మిదో రోజున విచారణ. మర్నాటికి ధ్రువపత్రం రాకపోతే అయిదు వందల లీటర్లు తూములోకి. హేమలత చివరి బెంచీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముందు వరసలో నాడా కట్టిన నోటితో అప్పలనరసయ్య, పక్కన సంరక్షకురాలి హోదాలో పైడితల్లి. పైన సంచాలకులు, పేర్రాజు గారు, ఇంకో ముగ్గురు సభ్యులు. అభియోగానికి ఆధారమైన పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాకే విచారణ మొదలవ్వాలని నియమం. తన గొంతంటే తనకు గౌరవమున్న సంచాలకులు ఆ పని తామే పుచ్చుకున్నారు. అలా ఆ నివేదిక మొదటిసారి ఒకరి కంటపడింది.

“గ్లాసును వెలుతురుకు పెట్టి చూడగా నలుపనుకున్నది నలుపు కాదు. అంచున దానిమ్మ గింజ ఎరుపున్నది. పైన నురుగు మీగడ రంగులో మందముగా నిలిచి, గ్లాసు వంచినా జారక గోడనంటుకొని మెల్లగా దిగినది. వాసన చూడగా ముందు వేయించిన చోళ్లు. చోళ్లు పెనము మీద చిటపటలాడి ఇక దింపవలెననుకొనే క్షణమున వచ్చు వాసన అది, అంతకు ముందుది కాదు, తరువాతది కాదు. దాని వెనుక కాఫీ గింజ. ఇంకొంతసేపు ఆగగా, బెల్లపు పాకము దింపిన తరువాత పెనము అంచున అంటుకొని కొంచెము మాడిన చెక్క. మా ఊరిలో పిల్లలు దానిని గరిటెతో గీరుకొని తినెదరు. తిన్నవారెవరును మరువలేరు.”

ఇక్కడ సంచాలకులు ఆగి గుటక వేశారు. మళ్లీ చదివారు.

“నాలుక మీద పడగానే తీపి వచ్చుచున్నట్లే ఉండును గాని రాదు. ఆశపెట్టి గుమ్మములోనే నిలబడును. ఆ లోపల చేదు నెమ్మదిగా వచ్చి కూర్చొనును. చింతనిప్పు మీద కాల్చిన కొబ్బరి ముక్కలో నుండునటువంటి కమ్మదనము కలదు. పచ్చిమిరపకాయ బజ్జీ దీనికి తోడు ఉండవలెనని నాకు తోచినది. సర్వీసు రూల్సు దృష్ట్యా ఆ తలంపును విరమించుకొంటిని.”

హాలు నిశ్శబ్దంగా ఉంది. నిశ్శబ్దంగా అంటే, గుటకల చప్పుడు తప్ప. ఒక సభ్యుడు జేబురుమాలు తీసి పెదవులు ఒత్తుకున్నాడు. ఇంకొకాయన ఆవలించినట్టు నటించి నోరు సర్దుకున్నాడు. పేర్రాజు గారైతే మింగలేక, ఉమ్మలేక బుగ్గలు బిగబట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు పైడితల్లి లేచి నిలబడింది. సంరక్షకురాలు మాట్లాడవచ్చో లేదో ఎవరికీ తెలియక ఎవరూ ఆపలేదు.

“బాబూ, మీరు బీరేటి తాగలేదు గదా,” అంది పేర్రాజు గారితో. “మరి మీ నోట్లో ఊరిందేటి? దానికేటంటారు?”

ఇంకెవరైనా అయితే గుటుక్కున మింగి, ఏమీ లేదనేసేవారు. పేర్రాజు గారు ఆ జాతి మనిషి కాదు. చెయ్యెత్తి కొలత కప్పు తెప్పించుకున్నారు. పక్కకు తిరిగి అందులో ఉమ్మి, కళ్లద్దాలు సర్దుకుని గీత చూసి, తన చేత్తో తానే కాగితం మీద రాశారు. పుచ్చుకున్నది సున్నా. విసర్జించినది ఆరు మిల్లీలీటర్లు. బీరు చుక్క కూడా పుచ్చుకోకుండా అంత వచ్చింది. కప్పు చెయ్యి మారి సంచాలకుల దగ్గరికి వెళ్లింది. ఆయన వద్దన్నారు గానీ పేర్రాజు గారు వదల్లేదు. ఆయనది ఎనిమిది. ముగ్గురు సభ్యులదీ కలిపి పద్నాలుగు. లాలాజలం సంభవించదన్న మెమో ప్రకారం ఇప్పుడు ఆ బల్ల వెనకనున్న అయిదు నోళ్లకూ పటాలు గీయాలి, నాడాలు కట్టాలి.

పది నిమిషాల విరామం తర్వాత, నోటియందు తనంతట తాను ఊరునది బీరు కాజాలదని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. మొదటి అభియోగం కొట్టివేశారు. ఉత్పత్తి కేంద్రం మీద సీలు ఎత్తివేశారు. పైడితల్లి నాడా విప్పింది.

మిగిలింది రెండు మిల్లీలీటర్లు. సంచాలకులు ఆఖరి అర కాగితం ఎత్తుకున్నారు. “ఇంతవరకు రాసినది సగమే. గొంతు దిగిన తరువాత...” అని చదివి ఆగిపోయారు. కళ్లజోడు పైకి తోసుకుని ఆ వాక్యాన్ని మనసులో ఇంకోసారి చదువుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, తన ఆస్వాదన పథకం మొదటి అడుగులోనే కూలడం ఆయనకు ఇష్టం లేదు. మెత్తగా ఒక దారి చూపించారు. ఆ రెండు మిల్లీలీటర్లూ నోటి వేడికి ఆవిరైపోయి ఉండవచ్చును, ఈ అర కాగితము కేవలము ఊహాజనితమై ఉండవచ్చును, అవునంటే చాలునన్నారు. అవునంటే ఉద్యోగం ఉంటుంది, ధ్రువపత్రం ఉంటుంది, ఒట్టూ ఉంటుంది.

అప్పలనరసయ్య ముందు హేమలత వంక చూశాడు. తర్వాత పైడితల్లి వంక చూడబోయి చూడలేకపోయాడు.

“ఆవిరి కాలేదండి,” అన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత వచ్చిన మాట కనుక గొంతు బొంగురుపోయింది. “మింగాను. తెలిసే మింగాను. మింగకుండా సంపూర్ణంగా అని సంతకం పెడితే అబద్ధమవుతాదండి. ఆ అర కాగితం ఊహ అంటే ఈ పాప బీరుకు నేనిచ్చింది కూడా ఊహే అవుతాది. నన్నేం చేసినా సరే, దాన్ని కొట్టేయకండి.”

ఏం చెయ్యాలో బల్ల వెనక ఎవరికీ తోచలేదు. పేర్రాజు గారికి తోచింది. రుచి చూచుటకు నోరు తెరచిన క్షణమున సదరు ఉద్యోగి మద్యము ముట్టనివాడే, మద్యపానము తదనంతర సంఘటన, కావున నివేదిక చెల్లును, ఉద్యోగి మాత్రము ఇకపై చెల్లడు అని అక్కడికక్కడే రాసి ఇచ్చారు. హేమలత ధ్రువపత్రం ఆ సాయంత్రమే చేతికొచ్చింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుని ఏడ్చేసింది. అప్పలనరసయ్యను మందలించి రికార్డు సెక్షన్‌కు తిప్పి పంపారు. ఆస్వాదకుడి కుర్చీలో, మూడేళ్ల కిందట విషజ్వరం వచ్చి రుచి, వాసన రెండూ పోయిన, ఆ ముగ్గురిలోని పెళ్లికాని గుమాస్తాను వేశారు. అంతకు మించిన నిష్పాక్షికుడు దొరకడని సంచాలకులు సంతోషించారు. ఆయన నివేదికల్లో నాలుగు గళ్లూ ఖాళీగా ఉంటాయి, ఇంతవరకు ఒక్క ఆక్షేపణ రాలేదు.

ఆ రోజు ఇంటికి బస్సులో వెళ్తున్నంతసేపూ పైడితల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అప్పలనరసయ్య గుమ్మం దగ్గర చెప్పులు విడిచి బయటే నిలబడిపోయాడు. ఒట్టు ప్రకారం ఎక్కకూడదు కదా. ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి కంచం పెట్టిన చప్పుడు వినిపించింది. రమ్మనలేదు, వద్దనలేదు. ఆయన భయంభయంగా వెళ్లి పీట మీద కూర్చున్నాడు. వంకాయ కూర వడ్డించింది. ఇంక దాచలేక, తప్పైపోయింది, రెండు చుక్కలేనని మొదలుపెట్టాడు.

“రెండు సుక్కల సంగతి నాకెప్పుడో తెల్సు. మీ కళ్లు సెప్పీసినాయి. అదేటి కాదు,” అంది ఆమె. గరిటె చేతిలోనే ఉంది. “ముప్పై రెండేళ్లు నా సేతి కూర తిన్నారు. ఉప్పెక్కువైందన్నారు, సింతపండు పాతదన్నారు, నూనె మార్సినావా అన్నారు. ఎవరో పాప కాసిన నల్లనీళ్లకి మూడు కాయితాలు రాసినారు. హాలు హాలంతా గుటకలేసినారు. నా కూర కోసం ఎప్పుడైనా ఒక్క ముక్క రాసినారేటి?”

అప్పలనరసయ్య నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ ముద్దలో ఏమేం ఉందో ఆయనకు తెలుసు. వంకాయ ఎవరి మళ్లోదో, పోపులో ఆవాలు ఏ క్షణాన చిట్లాయో, ఆమె ఆ వేళ ఏడుస్తూ వండిందో నవ్వుతూ వండిందో కూడా తెలుసు. పెళ్లయిన మర్నాటి నుంచీ తెలుసు. ఒక్కనాడు చెప్పలేదు. ముద్ద మింగాడు. మింగి, ఎంగిలి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని పీట పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి రోజు ఆమె వండిన ఆనపకాయ పులుసు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.